ఈజిప్టు ప్రాచీన లిపి - అరబ్బీ విద్వాంసుల పాత్ర

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ నగరానికి చెందిన ఇంకిల్ అనే సంస్థ 2019లో 'హెవెన్స్ వాల్ట్' అనే కంప్యూటరు ఆటను విడుదల చేసింది. తుపాకులు, పరుగుపందాలు ఉండే ఆట కాదది. ఆలియా అనే పురావస్తు పరిశోధకురాలు శిథిలాల మధ్య తిరుగుతూ, వాడుకలో లేకుండా పోయిన ఒక ప్రాచీన భాషలోని శాసనాలను చదవడానికి ప్రయత్నిస్తుంది. అదే అందులోని కథ. ఆడేవారు ప్రతి మాటకూ ఒక అర్థాన్ని ఊహించాలి. ఊహ తప్పయినా ఆట ఆగదు, కథ ముందుకు సాగుతూనే ఉంటుంది. అదే మాట మరో శాసనంలో, మరో సందర్భంలో ఎదురైనప్పుడు మాత్రమే పాత ఊహ నిలుస్తుందో, కూలుతుందో తెలుస్తుంది. యువకులకు వినోదంగా తయారైన ఈ ఆటలో ఒక గంభీరమైన విషయం ఇమిడి ఉంది. చదివామనుకోవడం వేరు, చదవడం వేరు. ఈ రెండింటి మధ్య వందల సంవత్సరాల దూరం కూడా ఉండవచ్చు.

ఈ సంగతిని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. ఈజిప్టు చిత్రలిపిని ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ 1822లో విప్పాడన్నది లోకంలో ప్రసిద్ధమైన మాట. అతనికంటే ఎన్నో వందల ఏళ్ళ ముందే ఇబ్న్ వహ్షియ్యా అనే అరబ్బీ గ్రంథకర్త ఆ పని పూర్తి చేశాడనీ, యూరపు వారు ఆ ఘనతను దాచిపెట్టారనీ మరో మాట ప్రచారంలో ఉంది. 2004లో కొన్ని ఆంగ్ల పత్రికలు దీనిని పెద్ద అక్షరాలతో ప్రకటించాయి. మరుసటి సంవత్సరం, 2005లో, లండనులో పనిచేసిన ఈజిప్టు పండితుడు ఉకాషా అద్దాలీ, ప్రాచీన ఈజిప్టును గురించి మధ్యయుగ అరబ్బీ రచనల్లో ఉన్న సమాచారాన్ని సేకరించి ఒక గ్రంథం వెలువరించారు. ఆ గ్రంథం విలువైనది. మరుగున పడిన ఎన్నో వ్రాతప్రతులను అది వెలుగులోకి తెచ్చింది. అయితే దానిని పూర్తిగా చదివిన వారి కంటే, దానిని గురించి వెలువడిన శీర్షికలను మాత్రమే చదివి ఉపన్యాసాలలో వల్లించేవారే ఎక్కువయ్యారు. అందుచేత ఈ విషయంలో నిజంగా ఏం జరిగిందో కొంత వివరంగా పరిశీలించవలసి ఉంది.

ముందుగా లిపి సంగతి. ఈజిప్టు ప్రాచీనులు సుమారు 3000 సంవత్సరాలకు పైగా చిత్రలిపిని వాడారు. తేదీ తెలిసిన ఆఖరి చిత్రలిపి శాసనం దక్షిణ ఈజిప్టులోని ఫిలే ఆలయంలో ఉంది. అది క్రీ.శ. 394 ఆగస్టు 24 నాటిది. అదే లిపికి వాడుక రూపమైన డెమోటిక్ లిపి కూడా అదే ఆలయంలో క్రీ.శ. 452తో అంతరించింది. అంటే హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) నాయకత్వంలో ముస్లిం సైన్యం 639లో ఈజిప్టులో అడుగుపెట్టేనాటికి ఆ లిపి మరుగునపడి దాదాపు రెండు శతాబ్దాలు కావస్తున్నది. ముస్లిముల రాకతో ప్రాచీన ఈజిప్టు విద్య అంతరించిందని రాసేవారు ఈ తేదీలను చూడటం లేదు.

లిపి పోయింది కాని భాష పోలేదు. ఈజిప్టు ప్రజలు క్రైస్తవాన్ని స్వీకరించిన కాలంలో తమ భాషను గ్రీకు అక్షరాలతో రాసుకోసాగారు. గ్రీకులో లేని ధ్వనుల కోసం డెమోటిక్ నుండి కొన్ని గుర్తులను చేర్చుకున్నారు. అదే ఖిబ్తీ, అంటే కాప్టిక్ భాష. ముస్లిములు వచ్చేనాటికి నైలు లోయ పొడవునా రైతు, చేపలవాడు, సన్యాసి మాట్లాడుతున్న భాష ఇదే. పిరమిడ్లు కట్టించిన రాజుల భాషకు ఇది మనుమరాలు. మొసలికి అరబ్బీలో వాడే 'తిమ్సాహ్' అనే మాట కూడా ఈజిప్టు భాష నుండి వచ్చినదే. ఈజిప్టులోని పాత దేవాలయాలను అరబ్బీ గ్రంథకర్తలు 'బిర్బా' అని పిలిచారు. అదీ ఖిబ్తీ మాటే. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ మళ్ళీ ఇక్కడికే వస్తుంది.

బిర్బాల గోడల మీద తల నుండి పాదం దాకా నిండి ఉన్న ఆ రాతలు అరబ్బులను మొదటినుండీ ఆకర్షించాయి. ఖలీఫా మామూన్ రషీద్ 832లో ఈజిప్టుకు వచ్చాడు. పెద్ద పిరమిడ్‌లోకి దారి తొలిపించినది ఆయనే అని పాత గ్రంథాలు చెబుతాయి. దక్షిణాన ఇఖ్మీమ్ పట్టణంలో ఒక పెద్ద బిర్బా ఉండేది. ప్రసిద్ధ సూఫీ హజ్రత్ జున్నూన్ మిస్రీ (రహ్మ) ఆ ఊరివారే. హిజ్రీ 245 ప్రాంతంలో పరమపదించారు. ఆయన అక్కడి శాసనాలను చదివారని చరిత్రకారుడు మస్ఊదీ తన గ్రంథంలో రాశాడు. ఆయన చదివినట్లు పేర్కొన్న వాక్యాలు చూస్తే అవి హితోక్తులు. ఈజిప్టు ఆలయాల గోడలమీద ఉండేవి రాజుల బిరుదులు, నైవేద్యాల వివరాలు, దేవతలను గూర్చిన స్తోత్రాలు. కాబట్టి ఇది గౌరవంతో పుట్టిన కథ అని భావించడమే న్యాయం. ఆ మహనీయుని ఆధ్యాత్మిక స్థానం దీని మీద ఆధారపడి లేదు.

ఇక ఇబ్న్ వహ్షియ్యా విషయం. ఇతడు ఇరాకు వాడు. నబతీ వంశీయుడనని చెప్పుకున్నాడు. 'అల్ ఫిలాహతున్నబతియ్యా' అనే గొప్ప వ్యవసాయ గ్రంథం ఇతని పేరుతోనే ప్రసిద్ధి చెందింది. చిత్రలిపి చర్చలో వచ్చేది మాత్రం వేరొక గ్రంథం. దాని పేరు 'షౌఖుల్ ముస్తహామ్ ఫీ మారిఫతి రుమూజిల్ అఖ్‌లామ్'. హామర్ అనే ఆస్ట్రియా పండితుడు దీని ప్రతిని కైరోలో సంపాదించి, 1806లో ఆంగ్లానువాదంతో లండనులో అచ్చువేశాడు. ఇక్కడ ఒకటి గమనించాలి. షాంపోలియన్ తన ఆవిష్కరణను ప్రకటించడానికి 16 ఏళ్ళ ముందే ఇది యూరపులో అచ్చయి ఉంది. కాబట్టి దీనిని ఎవరూ దాచలేదు. తెరిచి చూసినవారు చాలామందే ఉన్నారు.

ఆ గ్రంథంలో ఏముంది? పదుల కొద్దీ లిపుల పట్టికలు ఉన్నాయి. కూఫీ, సిరియాక్, హీబ్రూ, గ్రీకు వంటి నిజమైన లిపులు మొదట వస్తాయి. తరువాత ఏడు గ్రహాల లిపులు, పన్నెండు రాశుల లిపులు, ప్రాచీన రాజుల లిపులు, హకీముల లిపులు వస్తాయి. ఒక్కొక్క గుర్తు కింద ఒక్కొక్క అరబ్బీ అక్షరం. రసవాదులు, తలిస్మాన్లు రాసేవారు రహస్యంగా ఉంచుకున్న సంకేతాలు ఇందులో ఎక్కువ భాగమని చూడగానే తెలుస్తుంది. ఈజిప్టు గుర్తులకు సంబంధించిన భాగాలలో కొన్ని నిజమైన చిత్రలిపి గుర్తులను పోలి ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇచ్చిన ధ్వని లేక అర్థం సరైనదని అద్దాలీ వాదించారు. కొన్ని గుర్తులు ధ్వనిని, కొన్ని అర్థాన్ని తెలుపుతాయనే భావన గ్రంథంలో ఉందని ఆయన చూపారు. ఈ భావన తేలికగా తీసివేయదగినది కాదు. యూరపులో చాలాకాలం వరకు ఇంతమాత్రం కూడా లేదు. కాని ఆ పట్టికలను చేతపట్టుకుని ఒక ఆలయం గోడ ముందు నిలబడితే ఒక్క వాక్యం కూడా చదవడం సాధ్యం కాదు. ఇదీ అసలు పరీక్ష.

గ్రంథం ఎవరిదన్నది కూడా తేలని ప్రశ్నే. హదీసు విద్యలో రావీల పుట్టుక, మరణాల తేదీలు సరిచూసే పద్ధతి మన పెద్దలు నేర్పినదే కదా. దానిని ఇక్కడ ప్రయోగించి చూద్దాం. ఈ గ్రంథం హిజ్రీ 241లో పూర్తయినట్లు అందులో రాసి ఉంది. వ్యవసాయ గ్రంథాన్ని ఇబ్న్ వహ్షియ్యా హిజ్రీ 291లో అనువదించి, 318లో శిష్యునికి చెప్పి రాయించినట్లు ఆ గ్రంథమే చెబుతుంది. 241లో ఒక పెద్ద గ్రంథం పూర్తిచేసిన మనిషి 77 సంవత్సరాల తరువాత మరొకటి చెప్పి రాయించాడంటే నమ్మడం కష్టం. తరువాతి వారెవరో రాసి ప్రసిద్ధుని పేరు తగిలించారని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. రిజాల్ శాస్త్రం తెలిసిన మన ఉలమా ముందు ఈ సనదును ఉంచితే వారు ఏమంటారో వేరే చెప్పనక్కరలేదు.

వినేవారికి ఇష్టమైన అర్థం చెప్పడం అన్ని దేశాలలోనూ ఉన్న జబ్బే. మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను ఫీరోజ్ షా తుగ్లఖ్ తోప్రా గ్రామం నుండి ఒక మహాస్తంభాన్ని ఎంతో శ్రమతో ఢిల్లీకి తరలించి తన కోటలో నిలబెట్టాడు. దాని మీద రాసి ఉన్నదేమిటో తెలుసుకోవాలని పండితులను పిలిపించాడు. ఎవరూ చదవలేకపోయారు. కాని కొందరు మాత్రం, ఫీరోజ్ అనే సుల్తాను వచ్చే వరకు ఈ స్తంభాన్ని ఎవరూ కదిలించలేరని అందులో రాసి ఉందని చెప్పారట. ఈ సంగతి ఆనాటి చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ నమోదు చేశాడు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని విప్పినప్పుడు ఆ స్తంభం మీద ఉన్నవి అశోక చక్రవర్తి ధర్మాజ్ఞలని తేలింది. ఇబ్న్ వహ్షియ్యాకు లేని ఘనతను అంటగట్టి మన సభలలో చప్పట్లు కొట్టించేవారు ఆ ఆస్థాన పండితుల బాటలోనే నడుస్తున్నారు.

వీరందరికీ భిన్నంగా నిలిచిన ఒక వ్యక్తిని గురించి ఇప్పుడు చెప్పాలి. అబ్దుల్లతీఫ్ బగ్దాదీ (1162-1231) వైద్యుడు, తత్వవేత్త, వ్యాకరణ పండితుడు. 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఉన్నాడు. తాను కళ్ళారా చూసిన దానిని 'అల్ ఇఫాదా వల్ ఇతిబార్' అనే చిన్న పుస్తకంలో రాశాడు. పిరమిడ్ల పైపొర రాళ్ళు అప్పటికి ఇంకా చాలావరకు ఊడలేదు. వాటి మీద ఉన్న రాతను నకలు చేస్తే రెండు పిరమిడ్లకే పదివేల పుటలు నిండుతాయని ఆయన అంచనా వేశాడు. వెంటనే మరో మాట చెప్పాడు. ఆ రాత తెలిసినవాడు కాదుగదా, తెలిసినవాడు ఉన్నాడని విన్నానని చెప్పేవాడు కూడా తనకు ఈజిప్టు దేశంలో తారసపడలేదని స్పష్టంగా రాశాడు. ఇఖ్మీమ్ కథలు, తలిస్మాన్ల పట్టికలు చేతులు మారుతున్న కాలమది. ఆ కాలంలో ఒక పండితుడు తెలియదన్న విషయాన్ని తెలియదనే రాయడం సామాన్యమైన సంగతి కాదు.

ఆయన స్వభావమే అటువంటిది. ఆ రోజులలో ఈజిప్టులో భయంకరమైన కరువు వచ్చింది. చనిపోయినవారి ఎముకలు గుట్టలుగా పడి ఉన్న చోటికి ఆయన శిష్యులతో వెళ్ళి పరిశీలించాడు. మనిషి కింది దవడ రెండెముకల అతుకు అని గాలెన్ రాశాడు. వెయ్యేళ్ళుగా వైద్యులందరూ అదే చదువుకుంటున్నారు. అబ్దుల్లతీఫ్ ఎన్నో పుర్రెలు చూసి, అది ఒకే ఎముక అని, గాలెన్ కంటే కన్నే నమ్మదగినదని నిర్ధారించాడు. సుల్తాను సలాహుద్దీన్ కుమారుడు అల్ మలికుల్ అజీజ్ 1196లో గీజాలోని చిన్న పిరమిడ్‌ను కూల్చడానికి కూలీలను పెట్టి ఎనిమిది నెలలు పాటుపడి, ఒక పక్క కొంత చెడగొట్టి విరమించుకున్న వైనాన్ని కూడా ఆయనే రాశాడు. పూర్వపు రాజులు ఈ కట్టడాలను కాపాడేవారనీ, ధనాశతో తవ్వేవారు వాటిని పాడుచేస్తున్నారనీ బాధపడ్డాడు. ఆ తరువాతి తరంలో అబూ జాఫర్ ఇద్రీసీ (మరణం 1251) పిరమిడ్ల గురించి ఒక పూర్తి గ్రంథమే రచించాడు. ఈజిప్టు ప్రాచీన కట్టడాల పట్ల ముస్లిములకు ఆసక్తి లేదనే వాదానికి ఈ రెండు పుస్తకాలే సమాధానం. సాధించని దానిని సాధించామని చెప్పుకోవలసిన అవసరం ఎక్కడుంది?

అయితే ఆ రాత ఎందుకు అంత కాలం లొంగలేదు? గుర్తులు బొమ్మల్లా ఉండటమే కారణం. సింహం బొమ్మ ఉంటే సింహమనో, శౌర్యమనో అర్థం చెప్పాలనిపిస్తుంది. పైన చెప్పిన కంప్యూటరు ఆటలోని భాష కూడా ఈ పద్ధతిలోనే తయారైంది. అక్కడ చిన్న గుర్తులు కలిసి భావాలుగా ఏర్పడతాయి. తెలివైనవాడు భావం నుండి భావానికి పాకుతూ పోవచ్చు. ఈజిప్టు లిపి అలాంటిది కాదు. క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందిందని భావించే హోరపోలో అనే గ్రంథకర్త చిత్రలిపికి వివరణలు రాశాడు. ఆ పుస్తకం 1419లో దొరికి యూరపుకు చేరింది. బాతు బొమ్మకు కుమారుడని అర్థం ఉందని అతను చెప్పాడు. అది నిజమే. కారణం మాత్రం ఆ పక్షికి పిల్లల మీద ప్రేమ ఎక్కువ కనుక అన్నాడు. అసలు సంగతి ఏమిటంటే ఈజిప్టు భాషలో ఆ పక్షి పేరు, కుమారుడు అనే మాట దాదాపు ఒకే ధ్వని కలవి. అంతే. ఆ వివరణలను నమ్మి యూరపు పండితులు కొన్ని వందల ఏళ్ళు కలలు కన్నారు.

కాబట్టి కావలసింది ధ్వని. చనిపోయిన లిపి ధ్వని గోడలో దొరకదు. ఆ భాష పలికే నోరు కావాలి. ఆ నోరు ఖిబ్తీది. అదీ మూతపడబోతున్నది. హిజ్రీ 87లో (క్రీ.శ. 706) ఈజిప్టు దీవానులో అరబ్బీ అధికార భాష అయింది. తరాలు గడిచేకొద్దీ ఖిబ్తీలు కూడా అరబ్బీనే మాట్లాడసాగారు. 13వ శతాబ్దం నాటికి చర్చీలో ప్రార్థన చేసే మతాచార్యులకే తమ భాష పూర్తిగా అర్థంకాని పరిస్థితి వచ్చింది. మఖ్రీజీ (మరణం 1442) కాలానికి దక్షిణాన కొన్ని పల్లెల్లో స్త్రీలు, పిల్లలు దానిని మాట్లాడుతుండేవారు.

అప్పుడు ఖిబ్తీ విద్వాంసులు ఒక పని చేశారు. చనిపోతున్న తమ భాషకు అరబ్బీలో వ్యాకరణాలు, నిఘంటువులు రాయడం మొదలుపెట్టారు. వ్యాకరణాన్ని 'ముఖద్దమా' అన్నారు, నిఘంటువును 'సుల్లమ్' అన్నారు. సుల్లమ్ అంటే నిచ్చెన. సమన్నూద్ పట్టణపు బిషప్ యుహన్నా 13వ శతాబ్దంలో ఈ రెండింటినీ రాశాడు. అబూ ఇస్‌హాఖ్ ఇబ్నుల్ అస్సాల్ మాటలను చివరి అక్షరం ప్రకారం పేర్చి మరొక సుల్లమ్ కూర్చాడు. ఇది మన జౌహరీ 'సిహాహ్' నిఘంటువు పద్ధతి. అబుల్ బరకాత్ ఇబ్న్ కబర్ (మరణం 1324) విషయాలవారీగా పెద్ద సుల్లమ్ తయారుచేశాడు. ఆకాశం, భూమి, మనిషి అవయవాలు, పశువులు, చెట్లు - ఇలా ఒక వైపు ఖిబ్తీ మాట, మరో వైపు అరబ్బీ మాట. 14వ శతాబ్దంలోనే ఖూస్ పట్టణపు బిషప్ అథనాసియస్ ఉత్తర, దక్షిణ మాండలికాలు రెండింటికీ వ్యాకరణం రాశాడు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. వీరు ముస్లిములు కారు. ఈ ఘనత ఖిబ్తీ క్రైస్తవులదే, వారికే చెందాలి. కాని వారి చేతిలోని పనిముట్లు ఎక్కడివి? ఇస్మ్, ఫేల్, హర్ఫ్ అని మాటలను విభజించి, పుంలింగ స్త్రీలింగాలను, ఏకవచన బహువచనాలను క్రమపరిచే పద్ధతి సీబవైహ్ నుండి వచ్చిన అరబ్బీ నహ్వు శాస్త్రానిది. ముస్లిం పండితులు ఖుర్ఆన్ భాష కోసం నాలుగైదు వందల ఏళ్ళు శ్రమించి పదును పెట్టిన శాస్త్రం అది. ఒకే నగరంలో, ఒకే దీవానులో కలసి పనిచేసిన జనం కనుక అది ఇటు నుండి అటు ప్రవహించింది. ఇబ్న్ కబర్ మమ్లూక్ అమీరు, చరిత్రకారుడు అయిన బైబర్స్ మన్సూరీ దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. ఆ అమీరు చరిత్ర గ్రంథ రచనకు తోడ్పడ్డాడు కూడా.

ఈ వ్రాతప్రతులలో కొన్నింటిని 17వ శతాబ్దం తొలినాళ్ళలో పియెత్రో దెల్లా వల్లే అనే రోము యాత్రికుడు ఈజిప్టులో సంపాదించి ఇటలీకి తీసుకుపోయాడు. అవి అథనాసియస్ కిర్షర్ అనే జెసూయిట్ పండితుని చేతికి వచ్చాయి. అతనికి అరబ్బీ తెలుసు. సమన్నూదీ వ్యాకరణాన్ని, ఇబ్న్ కబర్ సుల్లమ్‌ను లాటిన్ అనువాదంతో 1643లో రోములో అచ్చువేశాడు. ఖిబ్తీ భాషే ప్రాచీన ఈజిప్టు భాష అని గట్టిగా వాదించాడు. ఇదే కిర్షర్ చిత్రలిపి శాసనాలకు చెప్పిన అర్థాలు మాత్రం పూర్తిగా కల్పితాలు. ఒక రాజు పేరున్న చోట పేరాగ్రాఫుల కొద్దీ తత్వశాస్త్రం చదివాడు. ఊహించిన చోట కిర్షర్ నవ్వులపాలయ్యాడు. అరబ్బీ వ్యాకరణాన్ని నమ్మకంగా అనువదించిన చోట తరువాతి వారికి దారి చూపాడు.

మిగిలిన కథ చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1799 జులైలో రషీద్ పట్టణం దగ్గర పాత కోటను బాగుచేస్తుండగా ఫ్రెంచి సైనికులకు ఒక నల్లరాయి దొరికింది. ఆ కోట మమ్లూక్ సుల్తాను ఖాయిత్‌బే కాలం నాటిది. రాయిమీద ఒకే శాసనం చిత్రలిపిలో, డెమోటిక్‌లో, గ్రీకులో ఉంది. అది క్రీ.పూ. 196 నాటి రాజశాసనం. 1802 నుండి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆంగ్లేయుడు థామస్ యంగ్ టాలెమీ పేరును గుర్తించి కొన్ని అక్షరాల విలువలు కనుగొన్నాడు, అక్కడ ఆగిపోయాడు. షాంపోలియన్ ఆగలేదు.

1790లో పుట్టిన షాంపోలియన్ పారిస్‌లో సిల్వెస్త్ర్ ద సాసీ దగ్గర చదువుకున్నాడు. అబ్దుల్లతీఫ్ బగ్దాదీ పుస్తకాన్ని 1810లో ఫ్రెంచిలోకి అనువదించి ప్రకటించినవాడు ఈ సాసీయే. ఖిబ్తీ ఉచ్చారణ నేర్చుకోవడానికి షాంపోలియన్ పారిస్‌లోని సెయింట్ రోష్ చర్చిలో ఉన్న యుహన్నా షిఫ్తిషీ అనే ఈజిప్టు మతాచార్యుని దగ్గరకు వెళ్ళేవాడు. మనసులోని ఆలోచనలు కూడా ఖిబ్తీలోనే సాగేంతగా ఆ భాషలో మునిగిపోయాడు.

1821 చివరలో అతను ఒక సామాన్యమైన పని చేశాడు. రషీద్ రాతిమీది గుర్తులను లెక్కపెట్టాడు. గ్రీకు భాగంలో 486 మాటలుంటే, దానికి సరిపడే చిత్రలిపి భాగం చాలావరకు విరిగిపోయి కూడా 1419 గుర్తులు మిగిలి ఉన్నాయి. ఒక్కో గుర్తు ఒక్కో మాటైతే ఇంత ఎక్కువ ఉండటం కుదరదు. అంటే గుర్తులలో చాలావరకు ధ్వనులై ఉండాలి. లెక్క అనగానే మరో పేరు జ్ఞాపకం వస్తుంది. రహస్యలిపిలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, దానిని ఆ భాషలో అక్షరాలు వచ్చే తరచుదనంతో పోల్చి విప్పాలని 9వ శతాబ్దంలోనే అల్ కిందీ ఒక రిసాలాలో వివరించాడు. అది ఇస్తంబూల్ గ్రంథాలయంలో దొరికి, 1987లో దమష్క్‌లో అచ్చయింది. షాంపోలియన్ దానిని చూడలేదు, చూసే వీలూ లేదు. అందుచేత ఇతను అతని వద్ద నేర్చాడని చెప్పకూడదు. ఇద్దరి బుద్ధీ ఒకే దిశలో నడిచింది, అంతవరకే.

1822 సెప్టెంబరులో అబూ సింబెల్ ఆలయం నుండి వచ్చిన నకలు ఒకటి షాంపోలియన్ చేతికి అందింది. రాజు పేరును చుట్టి ఉండే అండాకారపు గీతలో మొదట సూర్యబింబం ఉంది, చివర రెండు 'స' గుర్తులు ఉన్నాయి. మధ్య గుర్తు రషీద్ రాతిమీద పుట్టుకకు సంబంధించిన చోట వస్తుంది. సూర్యుణ్ణి ఖిబ్తీలో 'రే' అంటారు. పుట్టుకను 'మీసె' అంటారు. కలిపి చదివితే రామ్‌సెస్. గ్రీకులు రాకముందటి రాజు పేరు, 3000 సంవత్సరాల తరువాత మళ్ళీ ఉచ్చరింపబడింది. సెప్టెంబరు 27న పారిస్‌లోని విద్వత్సభ ముందు అతను తన పరిశోధనను చదివి వినిపించాడు. ఆ రెండు ఖిబ్తీ మాటలు యూరపు విద్యాలోకంలో ప్రచారంలోకి వచ్చింది ఎలాగంటే, కిర్షర్ అచ్చువేసిన అరబ్బీ సుల్లమ్ ద్వారా, ఆ తరువాత దాని మీద ఆధారపడి వచ్చిన నిఘంటువుల ద్వారా. రే పక్కన 'షమ్స్', మీసె పక్కన 'విలాదత్' అని అరబ్బీ తెలిసిన ఖిబ్తీ విద్వాంసులు రాసిపెట్టకపోతే ఆ రాయి మరెంతకాలం మౌనంగా ఉండేదో.

1828లో షాంపోలియన్ స్వయంగా ఈజిప్టు చేరి ఆలయాలన్నీ తిరిగి, తన పద్ధతిని గోడల ముందు నిలబడి పరీక్షించుకున్నాడు. 1832లో 41వ ఏట మరణించాడు.

అబూ జాఫర్ ఇద్రీసీ పిరమిడ్ల గ్రంథాన్ని సరైన పద్ధతిలో పరిష్కరించి 1991లో ప్రకటించినవాడు హార్మన్ అనే జర్మన్ పండితుడు. ఇబ్న్ వహ్షియ్యా పేరును సభలలో తలచేవారిలో ఎంతమంది ఆ పుస్తకాన్ని తెరిచారో తెలియదు. ఈ రచనలు చదవడానికి మొదట కావలసింది సర్ఫ్, నహ్వు. అవి మన మదరసాలలో రెండో ఏటికే విద్యార్థులకు వచ్చేస్తాయి. ఇబ్న్ కబర్ సుల్లమ్‌ను వారి ముందు ఉంచితే, ఒక వరుసలోని ప్రతి మాటనూ తడుముకోకుండా చదవగలరు. రెండో వరుస అక్షరాలు ముప్ఫై రెండు, వాటిలో ఎక్కువ భాగం గ్రీకువే.